మీ బృందానికి ఏ మిక్సర్? తక్కువ ఖర్చులో సరైన ఎంపిక



పాడేవాళ్లు, వాయించేవాళ్లు నలుగురైదుగురు కలిసి ఒక సంగీత బృందంగా ఏర్పడ్డాక కొన్నాళ్లకు ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. ప్రతి కార్యక్రమానికీ మైక్ సెట్టు అద్దెకు తెచ్చుకోవాలా, లేక సొంతంగా ఒక మిక్సర్ కొనుక్కోవాలా? కొనాలంటే ఏది కొనాలి? అది తలా కొంత వేసుకుని పోగుచేసిన డబ్బు. ఒకసారి తప్పు వస్తువు మీద ఖర్చయితే మళ్లీ అంత సొమ్ము కూడటానికి ఏడాది పట్టవచ్చు. కాబట్టి కొనేముందే ఆలోచించాలి.

ఈ పాఠం చెప్పే ముఖ్య విషయం ఒక్కటే. మిక్సర్‌ను పెట్టె మీద ముద్రించిన అంకె చూసి కాదు, మీ బృందం అవసరాల లెక్క చూసి ఎంచుకోవాలి. ఆ లెక్క వేయడానికి ఒక కాగితం, ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం చాలు.

మిక్సర్ ఏం చేస్తుంది?

మైకు ముందు పాడినప్పుడు గాలిలోని పీడన మార్పులు విద్యుత్ సంకేతంగా మారతాయి. ఆ సంకేతం ఎంత చిన్నదో ముందు చూద్దాం. 1966లో మార్కెట్లోకి వచ్చి, ఇవాళ్టికీ ప్రపంచమంతటా వేదికల మీద కనిపించే ష్యూర్ ఎస్ఎం58 మైకును ఉదాహరణగా తీసుకుందాం. 94 డెసిబెళ్ల ధ్వని దాని మీద పడితే వచ్చే వోల్టేజీ సుమారు 1.85 మిల్లీవోల్టులు. ఆంప్లిఫయర్‌కు అందాల్సిన సంకేతాన్ని లైన్ స్థాయి అంటారు. వృత్తి నిపుణులు వాడే పరికరాల్లో ఇది 1.23 వోల్టులు.

ఇప్పుడు లెక్క వేయండి. 1.23ను 0.00185తో భాగిస్తే సుమారు 665 వస్తుంది. అంటే మైకు సంకేతాన్ని 665 రెట్లు పెంచాలి. డెసిబెళ్లలో చెప్పాలంటే 665కు సంవర్గమానం తీసుకుని 20తో గుణించాలి. జవాబు దాదాపు 56 డెసిబెళ్లు. వేణువు వంటి మెత్తని ధ్వనిని కాస్త దూరం నుంచి పట్టుకోవాలంటే ఇంకొంచెం ఎక్కువ కావాలి. అందుకే మంచి మిక్సర్‌లో మైకు ప్రీఆంప్ సుమారు 60 డెసిబెళ్ల వరకు, అంటే వెయ్యి రెట్ల వరకు పెంచగలిగి ఉండాలి.

వెయ్యి రెట్లు పెంచేటప్పుడు పాటతో పాటు ఆ వలయంలో పుట్టే రొద కూడా పెరుగుతుంది. చవకబారు మిక్సర్‌కూ మంచి మిక్సర్‌కూ అసలు తేడా తెలిసేది ఇక్కడే. కాబట్టి మిక్సర్ కొంటున్నామంటే ప్రధానంగా మైకు ప్రీఆంప్‌లను కొంటున్నామని గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత మిక్సర్ చేసే పనులు మూడు. ప్రతి సంకేతంలో మంద్ర, మధ్య, తార భాగాలను సవరించడం; అన్నిటినీ తగిన పాళ్లలో కలపడం; కలిపినదాన్ని ఎక్కడెక్కడికి పంపాలో అక్కడికి పంపడం.

పెట్టె మీది అంకె, అసలు అంకె

కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఈ విషయంలోనే. పెట్టె మీద "12 చానళ్లు" అని ఉంటే పన్నెండు మైకులు పెట్టుకోవచ్చని అనుకుంటారు. అది నిజం కాదు. తయారీదారులు లెక్కపెట్టేది అన్ని ప్రవేశ మార్గాలనూ. కీబోర్డు, ఫోను వంటి వాటికి ఎడమ, కుడి అని రెండు సంకేతాలుంటాయి కాబట్టి ఒక స్టీరియో చానల్‌ను రెండుగా లెక్కిస్తారు.

యమహా ఎంజీ శ్రేణినే చూడండి. ఎంజీ10ఎక్స్‌యూలో పది చానళ్లు ఉన్నా మైకులు పెట్టగలిగేది నాలుగింటికే. ఎంజీ12ఎక్స్‌యూలో పన్నెండు చానళ్లకు మైకు మార్గాలు ఆరు. ఎంజీ16ఎక్స్‌యూలో పదహారు చానళ్లకు మైకు మార్గాలు పది. ఇందులో మోసమేమీ లేదు. వివరాల పట్టికలో అన్నీ రాసే ఉంటాయి. మనం చదవాల్సింది ఆ పట్టికను. మూడు రంధ్రాల గుండ్రని ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే మైకు మార్గాలెన్నో తెలిసిపోతుంది.

మీ బృందం జాబితా రాయండి

ఒక కళాశాల బృందాన్ని ఊహించుకుందాం. ఇద్దరు గాయకులు, ఒక వేణువు, తబలా, అకౌస్టిక్ గిటారు, బేస్ గిటారు, కీబోర్డు. వీటికి ఏమేం కావాలో వరసగా రాద్దాం.

గాయకులకు రెండు మైకులు. వేణువుకు ఒకటి. తబలాకు కుడి, ఎడమలకు ఒక్కొక్కటి చొప్పున రెండు. ఇక్కడికి అయిదు. రెండు గిటార్లకూ వాటి పికప్ నుంచి నేరుగా తీగ వస్తుంది. కానీ గిటారు పికప్‌ను మామూలు లైన్ సాకెట్లో పెడితే స్వరం మొద్దుబారి, జీవం లేకుండా వినిపిస్తుంది. దానికి కారణం ఇంపీడెన్స్ పొంతన కుదరకపోవడం. పికప్‌కు పది లక్షల ఓములంత నిరోధం ఎదురుగా ఉండాలి. లైన్ సాకెట్లో అది చాలా తక్కువ. మధ్యలో డీఐ బాక్స్ అనే చిన్న పెట్టె పెడితే సమస్య తీరుతుంది. అయితే డీఐ బాక్స్ నుంచి వచ్చేది మైకు స్థాయి సంకేతమే కనుక దానికీ మైకు మార్గమే కావాలి. రెండు గిటార్లకు రెండు. మొత్తం ఏడు. కార్యక్రమాన్ని నిర్వహించేవారికీ, అతిథులకూ ఒక మైకు తప్పదు. మొత్తం ఎనిమిది. కీబోర్డుకు ఒక స్టీరియో మార్గం, విరామంలో పాటలు వినిపించే ఫోనుకు మరొకటి.

అంటే ఈ బృందానికి కావాల్సింది ఎనిమిది మైకు మార్గాలు, రెండు స్టీరియో మార్గాలు. ఎనిమిది, నాలుగు కలిపితే పన్నెండు. కానీ పన్నెండు చానళ్ల మిక్సర్ కొంటే సరిపోదని ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. అందులో మైకు మార్గాలు ఆరే ఉండవచ్చు.

డబ్బు చాలకపోతే లెక్కను మరో వైపు నుంచి తగ్గించవచ్చు. తబలా రెండింటి మధ్య ఒకే మైకు పెట్టవచ్చు. గిటారును నేరుగా పెట్టుకోవడానికి కొన్ని మిక్సర్లలో ఒకటి రెండు చానళ్లకు ప్రత్యేకమైన స్విచ్ ఉంటుంది. అది ఉంటే ఆ మేరకు డీఐ బాక్స్ ఖర్చు తప్పుతుంది. రెండో గాయకుడి మైకునే వ్యాఖ్యాత వాడుకోవచ్చు. ఇలా సర్దుకుంటే ఆరు మైకు మార్గాలతోనూ కార్యక్రమం నడుస్తుంది. ఏది వదులుకుంటున్నామో తెలిసి వదులుకోవడం వేరు, కొన్నాక తెలుసుకోవడం వేరు.

వేదిక మీదివాళ్లకు ఏం వినపడాలి?

ప్రేక్షకుల వైపు తిరిగిన సౌండు బాక్సుల ధ్వని వేదిక మీదివాళ్లకు సరిగా వినపడదు. వినపడినా గోడలకు తగిలి ఆలస్యంగా వస్తుంది. గాయని తన గొంతు తనకు వినపడక శ్రుతి తప్పవచ్చు. గట్టిగా పాడబోయి గొంతు చెడగొట్టుకోవచ్చు. అందుకే వేదిక మీదికి తిప్పి మానిటర్ బాక్సులు పెడతారు. వాటికి వెళ్లే మిశ్రమం ప్రేక్షకులకు వెళ్లే మిశ్రమం కన్నా వేరుగా ఉండాలి. ఆ వేరే మిశ్రమాన్ని తయారుచేసి పంపే మార్గాన్ని ఆగ్జిలరీ అంటారు. మిక్సర్ మీద "ఆక్స్" అని రాసి ఉండేది అదే.

ఇందులో రెండు రకాలున్నాయి. ఫేడర్‌కు ముందే సంకేతాన్ని తీసుకునేది ఒకటి, ఫేడర్ తర్వాత తీసుకునేది మరొకటి. మానిటర్‌కు మొదటి రకమే కావాలి. లేకపోతే ప్రేక్షకుల కోసం ఫేడర్ తగ్గించిన ప్రతిసారీ గాయనికి వినపడే తన గొంతు కూడా తగ్గిపోతుంది. గొంతుకు ప్రతిధ్వని చేర్చే ఎఫెక్ట్‌కు రెండో రకం కావాలి. ఫేడర్‌తో గొంతును తగ్గించినప్పుడు దాని ప్రతిధ్వని కూడా తగ్గాలి కదా.

మన ఊహా బృందానికి కనీసం రెండు మానిటర్ మిశ్రమాలు, ఒక ఎఫెక్ట్ అవసరం. అంటే మూడు ఆక్స్‌లు. ఎంజీ10ఎక్స్‌యూలో ఆక్స్ ఒక్కటే, ఎఫెక్ట్ కూడా దానిలోనే. ఎంజీ12ఎక్స్‌యూలో ఎఫెక్ట్‌తో కలిపి రెండు, ఎంజీ16ఎక్స్‌యూలో నాలుగు. చవకైన మిక్సర్లలో ముందుగా కోత పడేది ఈ ఆక్స్‌ల మీదే. దుకాణంలో ఎవరూ దీని గురించి అడగరు. మీరు అడగండి.

ఏది ముఖ్యం, ఏది కాదు?

వదులుకోకూడనివి కొన్ని ఉన్నాయి. మొదటిది, ప్రతి మైకు చానల్‌కూ విడిగా గెయిన్ నాబ్, సంకేతం హద్దు దాటినప్పుడు వెలిగే ఎర్ర దీపం. రెండోది, 80 లేదా 100 హెర్ట్జ్ కన్నా తక్కువ పౌనఃపున్యాలను కోసే స్విచ్. గాలి విసురు, వేదిక మీద అడుగుల చప్పుడు, మైకు స్టాండుకు తగిలే దెబ్బలు దీంతో చాలావరకు పోతాయి. మూడోది, ప్రతి చానల్‌కూ మ్యూట్ స్విచ్. దీని విలువ కాసేపట్లో చూస్తాం. నాలుగోది, 48 వోల్టుల ఫాంటమ్ పవర్. వేణువుకూ తబలాకూ కండెన్సర్ మైకులు వాడదలిస్తే ఇది ఉండి తీరాలి.

మధ్య పౌనఃపున్యాలను ఎక్కడ సవరించాలో ఎంచుకునే నాబ్ ఉంటే మంచిది. లేకపోయినా పని ఆగదు. యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌లో రికార్డు చేసుకునే సౌకర్యం సాధనకు పనికొస్తుంది. కానీ చాలా చవక మిక్సర్లు ఇచ్చేది అన్నీ కలిసిపోయిన రెండు ట్రాకులే. ఒక్కో వాద్యం విడివిడిగా రాదు. పెట్టె మీద "99 ఎఫెక్ట్‌లు" అని ఉండటం అస్సలు ముఖ్యం కాదు. వేదిక మీద వాడేది ఒకటో రెండో.

మరో హెచ్చరిక. కొన్ని మిక్సర్లలోనే ఆంప్లిఫయర్ ఉంటుంది. మీ సౌండు బాక్సుల్లో ఆంప్లిఫయర్ లేకపోతే ఇవి సౌకర్యమే. కానీ యాక్టివ్ బాక్సులు, అంటే లోపలే ఆంప్లిఫయర్ ఉన్నవి మీ దగ్గరుంటే ఆంప్లిఫయర్ లేని మామూలు మిక్సర్ చాలు. ఆంప్లిఫయర్ ఉన్న మిక్సర్ స్పీకర్ సాకెట్‌ను యాక్టివ్ బాక్సు లైన్ సాకెట్‌కు ఎప్పుడూ కలపకండి. బాక్సు పాడైపోతుంది.

అనలాగా, డిజిటలా?

ఇప్పుడు మధ్యస్థ ధరలో డిజిటల్ మిక్సర్లు కూడా దొరుకుతున్నాయి. బెహ్రింగర్ ఎక్స్‌ఆర్18 అందుకు ఒక ఉదాహరణ. ఫేడర్లు లేని ఒక పెట్టె, అంతే. 16 మైకు ప్రీఆంప్‌లు, 6 ఆక్స్‌లు ఉంటాయి. నడిపేది టాబ్లెట్‌తోనో కంప్యూటర్‌తోనో. ఒక కార్యక్రమానికి చేసుకున్న అమరికను భద్రపరచి మరో రోజు మళ్లీ తెచ్చుకోవచ్చు. హాలు వెనక కూర్చుని ప్రేక్షకులకు ఎలా వినపడుతోందో వింటూ సవరించవచ్చు. ఆక్స్‌ల సంఖ్య చూస్తే ధరకు తగ్గ విలువ ఇందులో ఎక్కువే.

ఇబ్బందులూ ఉన్నాయి. వందల ఫోన్లున్న హాల్లో వై-ఫై సంకేతం తెగిపోవచ్చు. అందుకని కంప్యూటర్‌ను తీగతో కలుపుకోవాలి లేదా విడిగా మంచి రౌటర్ పెట్టుకోవాలి. కరెంటు ఒక్క క్షణం పోయి వస్తే అనలాగ్ మిక్సర్ వెంటనే పలుకుతుంది. డిజిటల్ మిక్సర్ మళ్లీ మొదలవడానికి కొంత సమయం తీసుకుంటుంది. మన ఊళ్లలో కార్యక్రమం మధ్యలో జనరేటర్‌కు మార్చడం మామూలే కాబట్టి చిన్న యూపీఎస్ ఒకటి అవసరమవుతుంది. రౌటర్, యూపీఎస్, టాబ్లెట్ ధరలు కూడా కలిపి పోల్చి చూడండి. ఇక నేర్చుకోవడానికైతే అనలాగ్ మిక్సర్ మంచి గురువు. సంకేతం ఏ దారిలో వెళ్తోందో కంటికి కనిపిస్తుంది.

మైకు కూత పెట్టకుండా

బాక్సు నుంచి వచ్చిన ధ్వని మళ్లీ మైకులోకి వెళ్లి, పెరిగి, మళ్లీ బాక్సు నుంచి వస్తే చెవులు చిల్లులు పడే కూత పుడుతుంది. ఖరీదైన మిక్సర్ కొంటే ఇది పోతుందని చాలామంది నమ్మకం. ఇది ప్రధానంగా భౌతికశాస్త్రం సమస్య, ధర సమస్య కాదు.

రెండు సూత్రాలు గుర్తుంచుకోండి. ఒకటి, తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపయిన ప్రతిసారీ కూత రాకుండా పెంచగలిగే ధ్వని 3 డెసిబెళ్లు తగ్గుతుంది. ఒక మైకుతో పోలిస్తే ఎనిమిది మైకులు తెరిచి ఉంటే 9 డెసిబెళ్ల నష్టం. వాడని మైకును మ్యూట్ చేయడం ఎందుకు అవసరమో ఇప్పుడు తెలిసింది కదా. రెండు, నోటికీ మైకుకూ మధ్య దూరం సగమైతే మైకుకు అందే ధ్వని సుమారు 6 డెసిబెళ్లు పెరుగుతుంది. 20 సెంటీమీటర్ల దూరం నుంచి పాడే గాయకుడు 5 సెంటీమీటర్లకు వస్తే 12 డెసిబెళ్ల లాభం. దీనికి పైసా ఖర్చు లేదు. ప్రేక్షకుల వైపు బాక్సులను మైకుల కన్నా ముందు ఉంచడం మూడో జాగ్రత్త.

హమ్ము, ఎర్తింగ్: ప్రాణానికి సంబంధించిన మాట

కొత్త మిక్సర్ కలిపాక బాక్సుల్లో గుయ్యిమనే మోత వినిపించవచ్చు. మన విద్యుత్తు పౌనఃపున్యం 50 హెర్ట్జ్. ఆ మోత దానిదీ, దాని గుణిజాలదీ. ఎక్స్‌ఎల్‌ఆర్ తీగలో ఒకే సంకేతం రెండు తీగల్లో ఎదురెదురు దశల్లో ప్రయాణిస్తుంది. దారిలో చేరిన మోత మాత్రం రెండింటిలోనూ ఒకేలా చేరుతుంది. మిక్సర్ ఒకదాని నుంచి మరొకదాన్ని తీసివేయగానే సంకేతం మిగిలి, మోత రద్దవుతుంది. పొడవైన తీగలకు ఎక్స్‌ఎల్‌ఆర్ వాడమనేది ఇందుకే. గిటారు తీగ వంటి మామూలు తీగలను అయిదారు మీటర్లకు మించనివ్వకండి.

అయినా మోత పోనప్పుడు కొందరు ఒక ప్రమాదకరమైన చిట్కా పాటిస్తారు. త్రీ పిన్ ప్లగ్‌లో లావుగా ఉండే ఎర్త్ పిన్నును తీసేస్తారు, లేదా టూ పిన్ బోర్డులో పెడతారు. మోత పోవచ్చు. కానీ గిటారు తీగలు దాని ఆంప్లిఫయర్ లోహపు పెట్టెకు కలిసి ఉంటాయి. మైకు లోహభాగం మిక్సర్ పెట్టెకు కలిసి ఉంటుంది. ఎర్త్ లేని ఏ పరికరంలోనైనా లోపం ఏర్పడితే దాని పెట్టె మీదికి 230 వోల్టులు వస్తాయి. చేతిలో గిటారు, పెదవుల దగ్గర మైకు ఉన్న మనిషి ఆ రెండింటి మధ్య తీగ అయిపోతాడు. విద్యుత్తు ఛాతీ గుండా వెళ్తుంది. 1972 మే నెలలో బ్రిటన్‌లోని స్వాన్సీ నగరంలో స్టోన్ ది క్రోస్ బృందపు గిటారిస్టు లెస్ హార్వీ సరైన ఎర్తింగ్ లేని మైకును తాకి వేదిక మీదే మరణించాడు.

కాబట్టి ఎర్త్ పిన్నును ఎట్టి పరిస్థితుల్లోనూ తీయకండి. మోత పోవడానికి సురక్షితమైన దారులున్నాయి. వేదిక మీది పరికరాలన్నిటికీ, మిక్సర్‌కూ ఒకే చోటు నుంచి విద్యుత్తు తీసుకోండి. డీఐ బాక్స్ మీద ఉండే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ వాడండి; అది సంకేతపు తీగనే విడదీస్తుంది, విద్యుత్ భద్రతను తాకదు. మిక్సర్ కొనే డబ్బులోంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్న ఒక మంచి బోర్డు కూడా కొనండి. ఎఫెక్ట్‌లు తక్కువున్న మిక్సర్ తీసుకున్నా నష్టం లేదు. ఈ బోర్డు లేకుండా వేదిక ఎక్కవద్దు.

దుకాణంలో

హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ, చెన్నైలోని రిచీ స్ట్రీట్, ముంబయిలోని లామింగ్టన్ రోడ్, ఢిల్లీలోని లజపత్‌రాయ్ మార్కెట్ వంటి చోట్ల ఎలక్ట్రానిక్ సామాను దుకాణాలు పక్కపక్కనే ఉంటాయి. ఎక్కడికి వెళ్లినా మీ జాబితా, ఒక మైకు, ఒక మంచి తీగ, హెడ్‌ఫోన్లు వెంట తీసుకెళ్లండి. అదే మైకును ప్రతి చానల్‌లోనూ పెట్టి వినండి. మైకు తీసి, గెయిన్ బాగా పెంచి, రొద ఎంత ఉందో రెండు మిక్సర్ల మధ్య పోల్చండి. పాత మిక్సర్ అయితే ప్రతి నాబ్‌నూ, ఫేడర్‌నూ ఈ చివరి నుంచి ఆ చివరికి కదపండి. కరకరమంటే లోపల అరిగిందని, దుమ్ము పట్టిందని అర్థం. దానితో వచ్చిన అసలు అడాప్టర్ ఉందో లేదో చూడండి. అది ప్రత్యేకమైన రకమైతే బయట దొరకడం కష్టం. కొత్తదైతే బిల్లు, వారంటీ అడిగి తీసుకోండి.

ఉన్న సొమ్మంతా మిక్సర్ మీదే పెట్టకండి. దాదాపు సగం మిక్సర్‌కు, మిగతా సగం తీగలకు, స్టాండ్లకు, డీఐ బాక్సులకు, విద్యుత్ బోర్డుకు అనుకోండి. కార్యక్రమం మధ్యలో మొరాయించేది చాలాసార్లు తీగే. ఏడాదికి రెండే కార్యక్రమాలు ఉంటే అసలు కొనకుండా అద్దెకు తెచ్చుకోవడమే లాభం. మైక్ సెట్టు నడిపే ఆపరేటర్ పక్కన కూర్చుని ఆయన పని గమనించండి. ఏ పుస్తకమూ చెప్పని సంగతులు తెలుస్తాయి.

సారాంశం

మైకు మార్గాలు ఎన్ని, ఫేడర్‌కు ముందు తీసుకునే ఆక్స్‌లు ఎన్ని, మీ బాక్సులు యాక్టివ్‌వా కావా: ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాసుకుంటే సగం దుకాణం మీ జాబితాలోంచి తొలగిపోతుంది. మిగిలినవాటిలో రొద తక్కువున్నదాన్ని చెవితో ఎంచుకోండి. ఎర్తింగ్ విషయంలో రాజీ పడకండి.

మీరే చేసి చూడండి

1. మీ కళాశాల బృందానికి కావాల్సిన మైకు మార్గాలు, స్టీరియో మార్గాలు, ఆక్స్‌ల జాబితా రాయండి. ఎక్కడ ఖర్చు తగ్గించవచ్చో, అందువల్ల ఏం కోల్పోతారో పక్కనే రాయండి.

2. ఒక మైకు 2 మిల్లీవోల్టుల సంకేతం ఇస్తోంది. దాన్ని 1 వోల్టుకు పెంచాలంటే ఎన్ని రెట్లు పెంచాలి? అది ఎన్ని డెసిబెళ్లు?

3. నాలుగు మైకులు తెరిచి ఉన్నప్పుడు మూడింటిని మ్యూట్ చేస్తే కూత రాకుండా ఎన్ని డెసిబెళ్లు అదనంగా పెంచవచ్చు?

4. ఎర్త్ పిన్ను తీసివేయడానికీ, డీఐ బాక్స్ మీది గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ వాడటానికీ తేడా ఏమిటి? మీ మిత్రుడికి అర్థమయ్యేలా అయిదు వాక్యాల్లో వివరించండి.